వంగితే వినపడదు

వినికిడి తగ్గినవాడికి పదిమంది చర్చ అంటే, ఎవరి నోరు కదులుతోందో వెతుక్కోవడమే. నేను తల తిప్పేసరికి ఆ నోరు మూతపడి ఇంకోటి తెరుచుకునేది. నేను నవ్వేసరికి జోకు చల్లారి రెండు నిమిషాలయ్యేది.

అందుకే మేం కలుసుకునే గదికి లూప్ వేయించారనగానే ప్రాణం లేచొచ్చింది. గది చుట్టూ నేలవారగా ఓ తీగ. బల్ల మీది మైకులో పడ్డ మాట ఆంప్లిఫయర్ గుండా ఆ తీగలో కరెంటై పారుతుంది, గదిలో అయస్కాంత క్షేత్రం పుడుతుంది, హియరింగ్ ఎయిడ్‌లోని టెలికాయిల్ అనే బుల్లి తీగచుట్ట దాన్ని పట్టుకుని మళ్ళీ మాటగా చెవిలో పోస్తుంది. బటన్ నొక్కి 'టీ' ప్రోగ్రాంలోకి మారడమొక్కటే మన పని. నొక్కాను. ఫ్యాను గోల లేదు, కుర్చీల కిర్రు లేదు. అధ్యక్షులవారు నా చెవిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు వినపడ్డారు.

చిక్కల్లా ఒకటే, 'టీ'లో ఉన్నంతసేపూ మైకులో పడిందే మాట. నా పక్కన పెద్దాయన మైకు అందుకోకుండా బల్ల గుద్ది మరీ వాదిస్తున్నారు, నాకది మూకీ సినిమా. మైకు ఆయన వైపు జరిపితే, "నా గొంతుకి మైకెందుకండీ" అన్నట్టు పెదాలు కదిలాయి, మైకు మళ్ళీ అధ్యక్షులవారి ముందుకే వెళ్ళింది. (లూప్‌తో పాటు చుట్టుపక్కల మాటలు కూడా వినిపించే 'ఎంటీ' ప్రోగ్రాం ఒకటుంది. ఆడియాలజిస్ట్ ఆ సంగతి చెప్పినప్పుడు తల ఊపానే గానీ వినలేదు.)

పక్కనున్న అరుపు వినపడదు, ఆ చివరి గుసగుస మాత్రం ఖంగుమని వినపడుతుంది. అధ్యక్షులవారు ఎదురుగా మైకు ఉందన్నది మరిచిపోయి కార్యదర్శి చెవిలో అంటున్నారు: "మినిట్స్ రాసే పని ఈయనకి తగిలిద్దామండీ. ఎలాగూ వినపడదు, కాదనరు."

గదిలో స్పీకర్లు లేవు. మైకు మాట వెళ్ళేది తీగలోకి, తీగలోంచి నా చెవిలోకి. ఆ రహస్యం కార్యదర్శికీ నాకూ మాత్రమే చేరింది.

అలాగా, చెబుతా మీ పని అనుకుని ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను: "క్షమించాలి, నాకు శుభ్రంగా వినపడుతోంది." మనసులో రెండుసార్లు అని చూసుకున్నాను, మంచి ఊపుగా ఉంది. మూడోసారి అనుకుంటుండగా చేతిలో పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది.

టెలికాయిల్‌కి ఒక పట్టింపుంది. మనిషి నిటారుగా కూర్చుంటే అదీ నిలువుగా నిలబడి లూప్‌ని అందుకుంటుంది. బాగా వంగామో, అదీ పడుకుంటుంది, మాట సన్నబడి మాయమైపోతుంది. బల్ల కింద నాకు దొరికింది చిక్కటి నిశ్శబ్దం, ఎవరిదో ఒంటి చెప్పు, చివరికి ఎలాగో పెన్ను.

పైకి లేచేసరికి అందరూ నావైపే చూస్తూ చేతులు కలుపుతున్నారు. చప్పట్లేనని ఆలస్యంగా అర్థమైంది. అలవాటు చొప్పున నవ్వి తల ఊపేశాను.

నిటారుగా కూర్చోగానే అధ్యక్షులవారి గొంతు మళ్ళీ చెవిలోకొచ్చింది. "చూశారా, అడగ్గానే పెన్ను కూడా తీసేశారు!"