రెండు నంబర్లు కోల్డ్ స్పార్క్ ప్లగ్ వేస్తే ఇంజిన్ చల్లబడుతుందా?

"హై కంప్రెషన్ బండి ఉన్నవాళ్లు కంపెనీ ప్లగ్ పీకేసి రెండు నంబర్లు పెద్దది వేయించండి, ఇంజిన్ చల్లగా ఉంటుంది, నాకింగ్ పోతుంది, పికప్ పెరుగుతుంది, ఎండాకాలంలో అయితే తప్పనిసరి, ఇరిడియం అయితే ఇంకా కోల్డ్." ఈ మెసేజ్ నాకు ఈ నెలలో ఐదుగురు పంపారు. అందులో ఒకాయన అప్పటికే వేయించేసుకుని, పొద్దున్నే బండి స్టార్ట్ కావట్లేదు, ఏం చేయాలన్నా అని ఫోన్ చేశాడు.

మొదటి మాటే తప్పు. ప్లగ్ మీద ఉండే ఆ నంబర్‌ని హీట్ రేంజ్ అంటారు, అది ఇంజిన్ వేడికి సంబంధించిన నంబర్ కాదు. ప్లగ్ తన కొనకు తగిలిన వేడిని ఎంత తొందరగా హెడ్‌లోకి, అంటే సిలిండర్ పైమూతలోకి, వదిలేస్తుందన్న లెక్క, అంతే. లోపలి తెల్ల పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి నడవాల్సిన దారి ఎక్కువ, కాబట్టి కొన వేడిగా ఉంటుంది, అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే కోల్డ్ ప్లగ్. రెండూ పక్కపక్కన పెట్టి లోపలికి చూస్తే కంటికే తెలిసిపోతుంది. సిలిండర్‌లో మండేది అదే పెట్రోలు, పుట్టేది అదే వేడి. కోల్డ్ ప్లగ్ దాన్ని మింగేయదు, ఇంకా తొందరగా హెడ్ మీదికే తోస్తుంది. ఇంజిన్‌ని చల్లబరిచేది ఆయిలూ రేడియేటరూ గాలీ.

పికప్ మాట ఇంకా విచిత్రం. స్పార్క్ బలం ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్ దగ్గర తేలుతుంది, హీట్ రేంజ్‌కి దానితో పనే లేదు. పైగా కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పేరుకున్న మసి కాలిపోతుంది. దాటకపోతే మసి నిలిచిపోతుంది, మసిలోంచి కరెంటు పారుతుంది, కొన దగ్గరి గ్యాప్‌లో దూకాల్సింది పింగాణీ మీదుగా జారిపోతుంది, పెట్రోలు అంటుకోదు, అదే మిస్‌ఫైర్. ఫోన్ చేసినాయన రోజూ అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి వెళ్లొస్తాడు, అంటే సగం ప్రయాణం ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకునే, కొన వేడెక్కే అవకాశమే లేదు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లో 8 ఉన్న చోట 10 వేయించాడు. విప్పి చూస్తే ముక్కంతా నల్లగా, వేలు పెడితే కాటుక అంటినట్టు అంటింది. మళ్లీ 8 పెట్టాం, స్టార్ట్ అయింది.

నాకింగ్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు జబ్బుల్ని ఒకటి చేసేశారు. స్పార్క్ పడ్డాక, మంట ఇంకా చేరని మూలన ఉన్న గ్యాస్ ఒత్తిడికి తనంతట తాను పేలితే అది నాకింగ్. స్పార్క్ పడకముందే ఎర్రగా కాలిన ఏదో ఒక చోటు నుంచి అంటుకుంటే అది ప్రీ-ఇగ్నిషన్. ప్లగ్ కొన సుమారు 870 డిగ్రీలు దాటితే ఆ ఎర్రగా కాలిన చోటు ప్లగ్గే కావచ్చు, కోల్డ్ ప్లగ్ ఆపగలిగేది దీన్నే. నాకింగ్‌కి మాత్రం ముందు ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ని తట్టుకునే శక్తి), టైమింగ్ (స్పార్క్ పడే క్షణం), పిస్టన్ మీద పేరుకున్న కార్బన్ చూడాలి. మామూలు పెట్రోలు వదిలి ఒక ట్యాంకు అంతకంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్నది పోయించి చూడండి, సగం అనుమానం అక్కడే తీరుతుంది.

ఎండాకాలమా? 450 నుంచి 870 మధ్య బతికే వస్తువుకి విజయవాడ 45 డిగ్రీలు చిల్లర లెక్క.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది "నంబర్ పెద్దదైతే కోల్డ్" అన్న ముక్క. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్‌లలో అవును. బాష్, ఛాంపియన్‌లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది, పెద్ద నంబర్ అంటే హాట్. ఎన్‌జీకే 8 అంటే డెన్సోలో 24, బాష్‌లో సుమారు 5. ఇప్పుడు బాష్ 5 ఉన్న బండివాడు ఈ మెసేజ్ చదివి షాపుకెళ్లి 7 అడిగాడనుకోండి, కోల్డ్ వేశాననుకుంటూ రెండు మెట్లు హాట్ వేసుకుని, హైవే మీద ఫుల్ థ్రాటిల్‌లో గంటసేపు లాగుతాడు. పిస్టన్‌కి కన్నం పడితే అప్పుడు మెసేజ్ పంపినవాడు రిపేరు డబ్బులిస్తాడా?

ఇరిడియం సంగతి రెండు ముక్కల్లో: అది ఎలక్ట్రోడ్ లోహం, హీట్ రేంజ్ కాదు. సీపీఆర్8ఈఏ-9 మామూలుది, సీపీఆర్8ఈఏఐఎక్స్-9 ఇరిడియం, రెండిట్లోనూ ఉన్నది అదే 8.

మెసేజ్‌లో నిజం లేదా అంటే ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోలూ నొక్కుకోవడం, పెరిగితే ప్లగ్ కొన వేడెక్కే మాట నిజమే. కానీ ఆ లెక్క వేసే కదా కంపెనీవాళ్లు మాన్యువల్‌లో నంబర్ రాసింది! మీరు హెడ్ కోయించి, హై కంప్రెషన్ పిస్టన్ వేయించి, టైమింగ్ కూడా ముందుకు జరిపితే అప్పుడు వేరే కథ. టైమింగ్ 10 డిగ్రీలు (ఇది క్రాంక్ తిరిగే కోణం, వేడి కాదు) ముందుకు జరిపితేనే కొన 70 నుంచి 100 డిగ్రీలు వేడెక్కుతుంది. అప్పుడు కూడా కోల్డ్ వైపు ఒక్క మెట్టే దిగండి, రెండు కాదు. కంప్రెషన్ పెంచాక హై ఆర్‌పీఎమ్‌లో బండి తడబడితే హీట్ రేంజ్ కంటే ముందు గ్యాప్ చూడండి, ఎందుకంటే ఒత్తిడి పెరిగిన గాలిలో స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, గ్యాప్ కాస్త తగ్గిస్తే సరిపోవచ్చు.

నంబర్ సరిపోయిందా అని ప్లగ్ రంగు చూడాలంటే ఇంటికొచ్చి ఐడిల్‌లో ఉంచి ఆపాక కాదు, ఖాళీ రోడ్డు మీద కాసేపు గట్టిగా లాగి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజిన్ ఆపి విప్పండి. ఇంజెక్షన్ బండ్లలో లేత రంగు మామూలే, భయపడొద్దు. పింగాణీ మీద బొబ్బలో, పిస్టన్ కరిగి అంటిన, మిలమిల మెరిసే అల్యూమినియం చుక్కలో కనిపిస్తే మాత్రం బండి అక్కడే వదిలేసి ఆటో ఎక్కండి. అన్నట్టు, ప్లగ్ సరిగ్గా బిగించకపోతే వేడి హెడ్‌లోకి దిగదు, సరైన నంబరే హాట్ ప్లగ్‌లా కాలుతుంది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే చేత్తో ఆగేదాకా తిప్పి, పానాతో ఇంకో అర చుట్టు.