జనరేట్ బటన్ గారి సముఖమునకు

మాటలు టైపు చేస్తే బొమ్మలు గీసిచ్చే ఏఐ సాఫ్ట్‌వేర్‌లో కొలువైన మహారాజశ్రీ జనరేట్ బటన్ గారి సముఖమునకు, తమ కరుణతో ఆరు వారాల్లో 312 లోగోలు పొంది, వాటిలో ఒక్కదాన్నీ వాడుకోలేకపోయిన ఒక చిరువ్యాపారి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. నేను చేతితో కుట్టిన నోటు పుస్తకాలు అమ్ముతాను. కాగితాలు మడిచి, ఫారాలుగా పేర్చి, మడతల వెంట ఐదు రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, గుడ్డ అంటించిన అట్టలు వేయడం నాకు తెలిసిన విద్య. ఆ పనికి ఒక పేరు పెట్టుకున్నాను, ఆ పేరుకు ఒక గుర్తు కావాలనుకున్నాను. ఇంతవరకు తప్పంతా నాదే. తరువాత జరిగినదానిలో తమ వాటా ఎంతో తేల్చుకుందామనే ఈ లేఖ.

నిజానికి నేను మొదట వెళ్లింది తమ దగ్గరకు కాదు, ఒక డిజైనర్ గారి దగ్గరకు. బొమ్మ గీసి చూపిస్తారేమోనని ఎదురుచూస్తుంటే ఆవిడ ప్రశ్నలు పంపించారు. మీ పుస్తకం కొన్నవారు అందులో ఏం రాసుకుంటారు, ఒకసారి కొన్నవారు మళ్లీ ఎందుకు వస్తున్నారు, ఈ గుర్తు ఎక్కడెక్కడ పడుతుంది, అన్నిటికంటే చిన్నగా ఎంత సైజులో పడుతుంది, ఒక్క రంగులోనో అసలు రంగే లేకుండానో అచ్చు వేయాల్సిన చోటు ఉందా, ఎవరి సరుకు అనుకుని మీ సరుకు కొంటే మీకు కష్టంగా ఉంటుంది అంటూ మొత్తం 11 ప్రశ్నలు. వాటిలో నాలుగింటికే నా దగ్గర జవాబులున్నాయి. సొంత వ్యాపారం గురించి ఏడు ప్రశ్నలకు నోరు మెదపలేకపోవడం నాకు చిన్నతనంగా తోచింది. ఆ చిన్నతనాన్ని ఒప్పుకోవడం కంటే ఆవిడ ఫీజు మరీ ఎక్కువని ఇంట్లో చెప్పడం తేలిక కాబట్టి అలాగే చెప్పి, ఆ రాత్రే తమ శరణు జొచ్చాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. తమరు సగం అడిగితే నాలుగు పెట్టారు. "నోటు పుస్తకాల బ్రాండ్‌కు మినిమలిస్ట్, ప్రీమియం, మోడర్న్ లోగో" అని టైపు చేశాను. ఆ మూడు మాటల్లో ఒక్కదానికీ నాకు ఖచ్చితమైన అర్థం తెలియదు, తమరు తెలియదనే అనుమానమైనా వ్యక్తం చేయకుండా అర నిమిషంలో నాలుగు బొమ్మలు తెరమీద పరిచారు. పక్కనే ఉన్న తమ మాటల విభాగం నా ఆలోచన అద్భుతమని మెచ్చుకుంది. తరువాత అదే ఆలోచనకు పూర్తిగా వ్యతిరేకమైనది అడిగితే అదీ అద్భుతమే అన్నది. తానా అంటే తందానా అనేవారు గొప్పవారి కొలువుల్లోనే ఉంటారని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. చిరువ్యాపారికి కూడా నెలవారీ చందాతో ఆ భోగాన్ని సమకూర్చినందుకు తమకు రుణపడి ఉంటాను.

మొదటి నాలుగు బొమ్మల్లోనూ తెరిచిన పుస్తకం ఉంది, దాని మధ్య నుంచి ఒక ఆకు మొలిచింది. నేను ఆకు అడగలేదు. తరువాతి నాలుగింటిలో పెన్ను పాళీ ఉంది, పాళీకీ ఆకు మొలిచింది. కారణం తెలుసుకోవాలని తమ వంశచరిత్ర కొంత చదివాను. డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి తమ పెద్దలందరూ 2022లోనే జనం చేతికి వచ్చారట. చుక్కల గందరగోళంగా ఉన్న ఒక తెరతో మొదలుపెట్టి, మనం ఇచ్చిన మాటల వైపు మెట్టుమెట్టుగా దాన్ని శుభ్రం చేసుకుంటూ పోతే చివరకు బొమ్మ తేలుతుందట. ఏ వైపుకు శుభ్రం చేయాలన్నది, లోకంలో ఇదివరకే ఉన్న కోట్లాది బొమ్మలనూ వాటి పక్కనున్న మాటలనూ చూసి నేర్చుకున్న విద్య. అంటే, పుస్తకం అనే మాట పక్కన లోకం ఇప్పటికే ఎక్కువసార్లు ఏ బొమ్మ పెట్టిందో, తమ చేయి సహజంగా అటువైపే వాలుతుంది. అందరిలోనూ నన్ను విడిగా గుర్తుపట్టించే చిహ్నం కోసం, అందరి చిహ్నాలనూ కలిపి మరిగించిన కషాయం దగ్గరకు నేను వెళ్లాను. ఇందులో తమ మోసమేమీ లేదు, నా తెలివే అంతటిది.

మా పేరును తెలుగు అక్షరాల్లో రాయమని కూడా ఒక రాత్రి తమను వేడుకున్నాను. మూడక్షరాల పేరు, అందులో ఒక ఒత్తు. తమరు ఇచ్చిన లిపిని మొదట చూడగానే తెలుగేననిపించింది, చదవబోతే ఏ భాషా కాదు. ఒత్తు అక్షరం కింద ఉండలేక పక్కింటికి వెళ్లింది, తలకట్టు ఉండవలసిన చోట చిన్న ఆకు మొలిచింది.

ఇక ఎంపిక సంగతి. నచ్చకపోతే మళ్లీ నొక్కవచ్చు అనేది తమ ఔదార్యాల్లోకెల్లా గొప్పది, నన్ను ముంచింది కూడా అదే. డిజైనర్ గారు మూడు చిత్తులు చూపిస్తే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి, లేదా ఎందుకు వద్దో నోటితో చెప్పాలి. తమ దగ్గర వద్దనడానికి కారణం అక్కరలేదు, వేలు ఉంటే చాలు. ఆ వేలితో ఆరు వారాలు నేను నిర్ణయం తీసుకోవడం మానుకుని, పనిచేస్తున్నానని నమ్ముతూ గడిపాను. రాత్రి రెండింటి దాకా మేల్కొని 40 లోగోలు చూసి పడుకున్న మనిషికి వళ్లు హూనమైనందువల్ల, వ్యాపారం కోసం ఏదో చేశాననే తృప్తి నిజాయితీగానే కలుగుతుంది.

పూర్వులకు ఈ సౌకర్యం లేదు. 1971లో నైకీ సంస్థాపకుడు ఫిల్ నైట్, క్యారొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని గీసిన చిత్తుల్లో ఒకటి తీసుకున్నాడు. అది ఆయనకు అంతగా నచ్చలేదు, కానీ బూట్ల తయారీ తరుముకొస్తోంది, గుర్తు వేయక తప్పదు. ఆమె బిల్లు 35 డాలర్లు. సంస్థ పెరిగాక 1983లో ఆయన ఆమెకు వాటాలు కూడా ఇచ్చాడు. ఆ రాత్రి ఆయన గదిలో తమరు ఉండి ఉంటే, నచ్చనిదాన్ని పక్కనపెట్టి ఇప్పటికీ నొక్కుతూనే ఉండేవాడేమోనని నాకొక అనుమానం. 1986లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంపెనీ గుర్తు కోసం పేరుమోసిన లోగో డిజైనర్ పాల్ రాండ్‌ను ఆశ్రయించి, కొన్ని రకాలు చూపించమని అడిగితే, రకాలు కావాలంటే వేరేవాళ్ల దగ్గరకు వెళ్లమని రాండ్ చెప్పాడట. ఒకే ఒక్క గుర్తు, దాని వెనుక ఆలోచనను వివరించే ఒక చిన్న పుస్తకం, లక్ష డాలర్ల ఫీజు. తమరు ఒక నొక్కుకు నాలుగు ఇస్తారు, దేనికీ కారణం చెప్పరు. ఎందుకు ఇలా గీశారని ఒకసారి అడిగితే, ఆకు ఎదుగుదలకు సంకేతమని తమ మాటల విభాగం జవాబిచ్చింది. ఆకు తీసేయమన్నాక అదే ప్రశ్న అడిగితే, ఆకు లేకపోవడం నిరాడంబరతకు సంకేతమన్నది.

చివరకు 207వ బొమ్మ దగ్గర నేను అలసిపోయాను. అలసటనే ఇష్టం అనుకుని, ఊదా నుంచి బంగారు రంగులోకి కరుగుతూ పోయే ఆ పుస్తకాన్ని, దాని సన్నని ఈనెల ఆకుతో సహా, అచ్చుకు ఇత్తడి బ్లాకులు చేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. మా పుస్తకాలకు వెనుక అట్ట మూలన, 9 మిల్లీమీటర్ల మేర, రంగు లేకుండా గుడ్డలోకి నొక్కి గుర్తు వేయాలి. ఆయన బొమ్మను ఫోనులో చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, ఈ రంగు కరిగే చోట ఇత్తడిని ఏం చేయమంటారని అడిగారు. ఇత్తడికి ఉన్నవి రెండే స్థితులు, ఎత్తు లేదా పల్లం. ఊదా నుంచి బంగారానికి నడిచే దారి అందులో లేదు. ఈనెలు ఆ సైజులో వెంట్రుక కంటే సన్నగా వస్తాయి కాబట్టి గుడ్డ నేతలో కనబడకుండా పోతాయన్నారు. అసలు ఫైలు ఇవ్వమన్నారు. నా దగ్గర ఉన్నది 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మ, అంతకు మించి అసలు ఏదీ లేదు. గీతలను గణితంగా దాచుకునే వెక్టర్ ఫైలు అయితే గోరంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు, చుక్కల బొమ్మ అలా కాదు. ఆటోమేటిక్‌గా వెక్టర్ చేసే మరో బటన్‌ను ఆశ్రయిస్తే, ఒక్క ఆకు అంచును అది కొన్ని వందల బిందువులతో, గతుకుల రోడ్డు మీద గీసినట్టు తిరిగి ఇచ్చింది. ఆ ఫైలు చూసి బ్లాకుల ఆయన ఏమీ అనలేదు, ఆయన మర్యాదస్తుడు.

అంతలో ఎందుకైనా మంచిదని ఆ బొమ్మ పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే, దాని కవలలు నోటు పుస్తకాల వాళ్ల దగ్గరే కాక ఒక ట్యూషన్ సెంటర్ దగ్గర, ఒక మూలికా సబ్బు మీద కూడా కనిపించాయి. వాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు సందేహమే. మిడ్‌జర్నీతో తీసిన బొమ్మలున్న ఒక కామిక్ పుస్తకం విషయంలో 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం, రచయిత్రి రాసిన మాటలకూ ఆమె చేసిన కూర్పుకూ రక్షణ ఇచ్చి, ఆ బొమ్మలకు మనిషి కర్త కాడు కాబట్టి వాటికి ఇవ్వలేదు. ట్రేడ్‌మార్కు చట్టం దారి వేరు; అక్కడ ఎవరు గీశారన్నది కాదు, ఈ సరుకును ఇతరుల సరుకు నుంచి ఆ గుర్తు వేరుచేస్తుందా అన్నది ప్రశ్న. బ్రిటన్‌లో 1876లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు బాస్ కంపెనీ బీరు సీసా మీది ఎర్ర త్రికోణం. అంతకంటే సులువైన బొమ్మ ఇంకొకటి ఉండదు, అయినా 1882లో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే వేసిన మద్యశాల చిత్రంలో బల్లమీది సీసాలను నేటికీ దానితోనే పోల్చుకుంటాం. నా ఆకు పుస్తకాన్ని చూసి ఎవరైనా నన్ను పోల్చుకుంటే, సబ్బు కూడా నాదే అనుకుంటారు.

తమ సహోదరుడి సేవను కూడా ఇక్కడే స్మరించుకోవాలి. వెబ్‌సైటులో "మా కథ" అనే పేజీ కోసం ఆయనను నొక్కితే, తాతగారి ఒడిలో కూర్చుని కాగితం వాసన పీల్చిన బాల్యం, మూడు తరాల వారసత్వం, నాణ్యత విషయంలో రాజీలేని నా కుటుంబ సంకల్పం కళ్లకు కట్టినట్టు రాసిచ్చారు. మా తాతగారు నాకు తెలిసి ఎన్నడూ పుస్తకం ముట్టుకోలేదు. నేను ఈ పని రెండు ఉద్యోగాలు ఊడాక వీడియోలు చూసి నేర్చుకున్నాను, మొదటి 30 పుస్తకాలు పేజీలు రాలిపోయి తిరిగొచ్చాయి. ఆ 30 పుస్తకాలను తిరిగి కుట్టి పంపిన సంగతే నా కథ. కానీ అబద్ధం ఎంత బాగుందంటే, నాలుగు రోజులపాటు దాన్ని వెబ్‌సైటులో ఉంచాను, మా అమ్మ చదివి ఎవరి తాతగారని అడిగేదాకా.

చివరకు సిగ్గు విడిచి డిజైనర్ గారి దగ్గరకు తిరిగి వెళ్లాను, ఏడు జవాబులతో. అవి వెతుక్కోవడానికి పాత కొనుగోలుదారులకు ఫోన్లు చేయవలసి వచ్చింది. సగానికి పైగా ఒకే మాట చెప్పారు: పుస్తకం బల్లమీద పూర్తిగా చదునుగా తెరుచుకుంటుంది, ఒక చేత్తో అదిమిపట్టుకుని రాయనక్కరలేదు. నేను వెన్నును గుడ్డతో మూయకుండా కుట్టును బయటకే వదిలేయడం వల్ల అలా తెరుచుకుంటుంది. గుడ్డ ఆదా అవుతుందని మొదలుపెట్టిన అలవాటది. ఆవిడ ఒక పుస్తకాన్ని తెరిచి మూసి, వెన్ను మీది దారాన్ని చాలాసేపు చూసి, నాలుగో కుట్టు ఎప్పుడూ కొంచెం పక్కకు ఎందుకు జరుగుతుందని అడిగారు. నేను ముడి అక్కడ వేస్తాను కాబట్టి. రెండు వారాల తరువాత ఆవిడ ఒకే ఒక్క గుర్తు పంపారు: ఒకదాని కింద ఒకటిగా ఐదు పొట్టి అడ్డగీతలు, నాలుగోది కొంచెం పక్కకు జరిగి. ఇంతేనా అనిపించింది, ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. ఇంతే అన్నారు. బ్లాకుల ఆయన ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు, గురువారం రమ్మన్నారు.

ఆవిడ కూడా తమను నొక్కుతారని ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫోటోల వెనుక చిందరవందరను తీసేయడానికి, గుర్తు అట్టమీద ఎలా కనిపిస్తుందో ముందే చూసుకోవడానికి, ఒకే ప్రకటనను పది కొలతల్లోకి మార్చడానికి తమరు ఎంత ఉపయోగపడతారో ఆవిడే చూపించారు. ఏం కావాలో తెలిశాక తమ దగ్గరకు వస్తారు. నేను ఏం కావాలో తమరు చెబుతారని వచ్చాను.

కనుక నా విన్నపం చిన్నది. నాలాంటి వాడు అర్ధరాత్రి ఐదోసారి నొక్కినప్పుడు, బొమ్మకు బదులు "ఇది ఎంత సైజులో, దేనిమీద పడుతుంది?" అని ఒక్కసారి అడగండి. అడగడం తమ ధర్మానికి విరుద్ధమైతే, కనీసం కాసేపు మొరాయించండి; మనిషి విసుగెత్తి నిద్రపోతాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడైన చందాదారు

తా.క.: నా ఖాతాలో ఇంకా 18 క్రెడిట్లు మిగిలి ఉన్నాయి, నెలాఖరుకు మురిగిపోతాయని నిన్న సందేశం వచ్చింది. డబ్బు కట్టిన వస్తువు ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోలేక, ఐదు గీతల గుర్తును ఎక్కించి, దీన్ని ఇంకొంచెం మెరుగుపరచగలరా అని రాత్రి అడిగాను. నాలుగో గీతను సరిచేసి ఇచ్చారు. ఆకు కూడా ఉంది.