కాలనీ వదిలినవాడికి వాటా ఉందా?

హట్టరైట్లు ఆస్తిని ఉమ్మడిగా ఉంచుకునే క్రైస్తవ శాఖ. 16వ శతాబ్దంలో మొరావియాలో మొదలై, దేశాలు మారి మారి 1874లో డకోటా చేరారు. ఇప్పుడు అమెరికా, కెనడా గడ్డిమైదానాల్లో (ప్రెయిరీల్లో) వందల కాలనీలున్నాయి; కాలనీ అంటే వాళ్ళంతా కలిసి బతుకుతూ సాగుచేసుకునే ఊరు. వదిలిపోయేవాడికి ఆ ఆస్తిలో వాటాగా చిల్లిగవ్వ రాదు. అమెరికాలోని మోంటానాలో ఒక కాలనీలోనే ఉన్న అక్క, బయటపడ్డ తమ్ముడు ఎదురుపడితే ఎలా ఉంటుందో ఊహించి రాశాను.

తమ్ముడు: పదిహేనేళ్ళకి పెద్దవాళ్ళ భోజనాల బల్లకి మార్చారు. అప్పట్నుంచీ పందుల కొట్టంలో చాకిరీయే. వచ్చేటప్పుడు నాకు మిగిలింది ఒంటిమీద బట్టలు.

అక్క: చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టారురా?

తమ్ముడు: కాలనీయే. మరి పన్ను కాగితాల సంగతేంటి? మనలాంటి సంఘాలకి అమెరికా పన్ను చట్టంలో 1936 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది, ఇప్పుడు దాన్ని 501(డి) అంటారు. కాలనీ లాభాన్ని తలా ఇంతని పంచినట్టు రాసి, ఎవరి పేరున వాళ్ళకి పన్ను లెక్కేస్తారు. సర్కారుకి చూపించేటప్పుడు నాకు ఆదాయముంది, గేటు దాటేటప్పుడు లేదు!

అక్క: ఆ పన్ను కట్టిందీ కాలనీయే. కోర్టు కూడా మా వైపే ఉంది. మానిటోబాలో ఇంటర్‌లేక్ కాలనీ వెలివేసినవాళ్ళు వాటా అడిగితే, 1970లో కెనడా సుప్రీంకోర్టు కుదరదంది.

తమ్ముడు: వాళ్ళని వెలేసింది వేరే చర్చిని నమ్మినందుకు. నమ్మకం మారితే ఇల్లూ వాకిలీ పోవాలా?

అక్క: పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మం రోజున అన్నీ ఒప్పుకునే కదా చేరారు.

తమ్ముడు: నాకు బాప్తిస్మమే కాలేదక్కా. నేనేం ఒప్పుకున్నాను?

(ఈ ప్రశ్నకి అక్క నేరుగా జవాబు చెప్పదు. తన దగ్గర జవాబు లేదనే నా అనుమానం.)

అక్క: జనం నూటయాభైకి దగ్గర పడ్డారు, కాలనీ రెండుగా చీలాలి. రెండు జట్లూ సామాన్లు కట్టుకున్నాయి. చీటీ ఎవరికొస్తే వాళ్ళు కొత్తచోటికి బయల్దేరతారు, మిగతావాళ్ళు మూటలు విప్పుకుంటారు. కుట్టుమిషను, పచ్చడి సీసాలు, పిల్లల దుప్పట్లు కట్టేసి కూర్చున్నా, ఎటు పోతానో నాకే తెలీదు. ఏళ్ళ తరబడి కూడబెట్టి ఆ కొత్త భూమి కొన్నాం. పోయినవాడికల్లా పంచితే మిగిలేదేముంది?

తమ్ముడు: కొనాలని చెయ్యెత్తింది బావ. నీకు ఓటుందా?

అక్క: లేదు. అది నాకూ నచ్చదు. కానీ ఎవరి ఓటు వాళ్ళకి, ఎవరి పొలం వాళ్ళకి ఉన్న చుట్టుపక్కల ఊళ్ళు చూడు, బడులు మూసేస్తున్నారు. మా బడి నిండా పిల్లలే.

తమ్ముడు: ఆ పొలాలు కొన్నది మీరే కదా! సరుకులు టోకున తెచ్చుకుంటే ఊళ్ళో కొట్టువాడికి బేరమెక్కడ?

అక్క: పిల్లలు సిటీలకి పోయారని ముసలాళ్ళు అమ్మితే కొన్నాం. మేం కొనకపోతే ఏ కంపెనీయో కొనేది.

తమ్ముడు: సరే, వాటా వద్దు. బయటికొచ్చిన కుర్రాడికి మూడు నెలల అద్దె, కాస్త చేతిఖర్చు ఇవ్వొచ్చుగా?

అక్క: అది న్యాయమే. మీ బావ చేత సంఘంలో అడిగిస్తా.

తమ్ముడు: నువ్వే అడగొచ్చుగా?

అక్క: ఓటు లేదని ఇప్పుడేగా దెప్పావు!