క్రష్డ్ ఐసు గారికి ఒక తడిసిన విన్నపం

మహారాజశ్రీ క్రష్డ్ ఐసు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమ సమాచారాలు అడుగుదామనే కూర్చున్నాం. ఈ వాక్యం పూర్తయ్యేలోపే తమరిలో కొంత భాగం నీరై ట్రేలోకి జారుకుంది కనుక ఆ మర్యాద ఇంతటితో సరిపెడుతున్నాం.

విషయం ఈ మధ్యాహ్నం కలిపిన జాంబీ అనే రమ్ము కాక్‌టెయిల్ గురించి. జమైకా గోల్డ్ రమ్ము 45 మి.లీ., పోర్టోరికో గోల్డ్ రమ్ము 45, డెమెరారా 151 ప్రూఫ్ రమ్ము 30. నిమ్మరసం 22 మి.లీ., అదీ జిగ్గర్ అనే కొలత కప్పు గీతకు కన్ను సమానంగా పెట్టి పోసింది. ఫలెర్నమ్, అంటే మసాలా కలిపిన నిమ్మ సిరప్, 15. గ్రేప్‌ఫ్రూట్ రసం రెండు పాళ్ళు, దాల్చినచెక్క సిరప్ ఒక పాలు చొప్పున కలిపిన డాన్స్ మిక్స్ మరో 15. గ్రెనడిన్ అనే దానిమ్మ సిరప్ ఒక టీస్పూను. అంగోస్టురా బిటర్స్ ఒక్క విదిలింపు. పెర్నో అనే సోంపు మద్యం ఆరు చుక్కలు, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టినవి, ఎందుకంటే చెయ్యి జారితే గ్లాసులో సోంపు వాసన తప్ప ఇంకేమీ మిగలదు. ఇంత తంతు ముగిశాక, ఆఖరి అతిథిగా తమరు వేంచేశారు. ఎంత మోతాదులో? రెసిపీలో ఉన్నది ‘గుప్పెడు.’ ఎవరి గుప్పెడు? పెట్టినవాడిదా, రాసినవాడిదా? మూడు నిమిషాలు గడిచేసరికి గ్లాసులో గులాబీ రంగు తీపి నీళ్ళు. నాలుగు ఔన్సుల రమ్ము బూడిదలో పోసిన పన్నీరు.

ఆరు చుక్కల పెర్నో మొత్తం కలిపినా ఒక మిల్లీలీటరు నిండదు. దానికి డ్రాపర్ కొనాలి. తమరి వల్ల గ్లాసులో చేరే నీరు ఫలెర్నమ్‌నీ డాన్స్ మిక్స్‌నీ కలిపిన దానికన్నా ఎక్కువే ఉంటుంది. దానికి మాత్రం కొలత లేదు, తూకం లేదు. ‘కాస్త’, ‘సరిపడా’, ‘గ్లాసు నిండుగా’. డ్రింకులో ఇంత పెద్ద వాటాదారుకు జమాఖర్చులో పేరే లేకపోవడం ఎక్కడి న్యాయం?

ఇది పెద్దల తప్పు అనడానికీ లేదు. 1930ల్లో హాలీవుడ్‌లో టికి బార్ల వ్యవహారమంతా, అంటే దీవుల అలంకరణలూ రమ్ము కాక్‌టెయిళ్ళూ, మొదలుపెట్టిన డాన్ బీచ్ తన రహస్యాలు తన బార్‌టెండర్లకే తెలియకుండా సీసాల మీద అంకెలూ సంకేతాలూ రాసి పెట్టినాయన. పాత టికి రెసిపీల పరిశోధకుడు జెఫ్ బెర్రీ ఏళ్ళ తరబడి తవ్వితే గానీ ఆ డాన్స్ మిక్స్‌లో దాల్చినచెక్క ఉందన్న సంగతే బయటపడలేదు. అంత గుట్టు మనిషి కూడా తమరి దగ్గర గుట్టు పాటించలేదు. ఆయన పాత జాంబీలో స్పష్టంగా ఉంది: నలిపిన ఐసు ముప్పావు కప్పు, బ్లెండర్ తిప్పుడు 5 సెకన్లకు మించకూడదు. ఆ రెసిపీని ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకుంటూ వచ్చినవాళ్ళు రమ్ము కంపెనీల పేర్లు అక్షరం పొల్లు పోకుండా దించి, కప్పునీ సెకన్లనీ మాత్రం వదిలేశారు. తమరు నోరు మెదపలేదు. వదిలేస్తే లాభం ఎవరికో తమరికి తెలుసు.

తమరు చల్లబరిచే తీరు గురించి కూడా దాపరికం దేనికి? ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీల నుంచి సున్నాకు రావడానికి తమరిలో ఒక్కో గ్రాము పుచ్చుకునే వేడి 9 క్యాలరీలు. సున్నా దగ్గర కరగడానికి పుచ్చుకునేది 80. అంటే చల్లదనంలో సింహభాగం కరగడం వల్లే వస్తుంది. కరగకుండా చల్లబరచమని మేం అడగలేదు, అడగం కూడా. టికి డ్రింకుకు నీరు కావాలి. 151 ప్రూఫ్ అంటే 75.5 శాతం ఆల్కహాల్. నీరు తగలకపోతే నాలుక మీద మంట తప్ప దాల్చినచెక్క ఉందో లవంగం ఉందో తెలియదు. మా గొడవల్లా తమరు వస్తూ వస్తూ ఒంటికి పూసుకొచ్చే నీటి గురించే. ఆ నీరు తన 80 క్యాలరీల పని అప్పటికే వంటింటి గాలికి చేసిపెట్టి వచ్చింది. గ్లాసులో దిగాక అది చల్లబరిచేది లేదు, పలచన చేయడమొక్కటే. 100 గ్రాముల్లో అలా 15 గ్రాములు అంటుకుని వస్తే, రెసిపీలో లేని అర ఔన్సు నీళ్ళు మేమే చేజేతులా పోసినట్టు.

పైగా నలగ్గొట్టిన కొద్దీ ఇది పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల గడ్డను మూడు మిల్లీమీటర్ల ముక్కలు చేస్తే ఉపరితలం పదింతలు. చల్లదనం పదింతల జోరుగా ఇవ్వగలరు, తడి పదింతలు మోసుకురాగలరు. ఏది చేస్తారన్నది తమరు గ్లాసు చేరడానికి ఎంతసేపు తీసుకున్నారన్న దాని మీద ఉంటుంది.

తమర్ని తయారు చేయడానికి ఇంట్లో ఉన్న మార్గాలు చూడండి. బ్లెండర్‌లో పొడి గడ్డలు వేస్తే బ్లేడు దగ్గరివి పిండి అవుతాయి, పైవి గెంతుతూ కూర్చుంటాయి. గడ్డలు మునిగేదాకా నీళ్ళు పోసి, బటన్ నొక్కుతూ వదులుతూ తిప్పి వడకడితే ముక్కలు సమంగానే వస్తాయి, కానీ ఒక్కో ముక్కా తడిసి ముద్ద. చేత్తో తిప్పే క్రషర్‌కు ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు. గట్టి గడ్డ పడితే పళ్ళు విరిగేది గడ్డకు కాదు. కింద రబ్బరు పీట బల్లను పట్టుకుంటుందంటారు. రెండు తిప్పులు పట్టుకుంటుంది. ఇక పెబుల్ ఐసు యంత్రం. ఐసు రేకుల్ని ఒత్తి మెత్తటి గుళికలు చేస్తుంది, గ్లాసులో ముచ్చటగా ఉంటాయి, కాదనం. ఆ యంత్రానికి బల్ల మీద సగం చోటు, ఉప్పునీళ్ళయితే తరచూ గార కడగడం, పని చేసినంతసేపూ రొద.

మిగిలింది లూయిస్ బ్యాగ్. మందపాటి కాన్వాస్ సంచి, చెక్క సుత్తి. అన్నిటికన్నా ఇదే నయమని మా అభిప్రాయం. ముక్కలు పగిలినప్పుడు ఊరే నీటిని ఆ గుడ్డ పీల్చేస్తుంది. టర్కీ తువ్వాలులో చుట్టి కొడితే నీటితో పాటు నూలుపోగులు కూడా గ్లాసులో తేలతాయి. సంచిలో మూడో వంతుకు మించి నింపకూడదు. నింపితే పైనుంచి కొట్టిన దెబ్బ అడుగుకు చేరదు. మూతి రెండు మడతలు పెట్టి, సుత్తి అంచుతో కాకుండా చదును వైపుతో కొట్టాలి. గడ్డలు ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే సంచిలో పడాలి. అప్పుడు పెళుసుగా టప్పున పగులుతాయి. బయట పెట్టి ముచ్చట్లు చెప్పుకుంటే మెత్తబడి, పగలకుండా నలిగి, తడి కక్కుతాయి. సంచి విప్పగానే మొదట ముతక జల్లెడలో వేసి పొడి దులిపేయాలి. గ్లాసులో దిగిన మరుక్షణం నీరయ్యేది ఆ పొడే. పని అయ్యాక సంచిని తిరగేసి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, ఆ వాసన తర్వాత చేసే మై తాయ్ అనే రమ్ము డ్రింకులో తేలుతుంది.

ఇన్నీ చేశాక మిగిలిన ఐసును గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెడతాం గదా, మర్నాటికి ఏమై ఉంటారు తమరు? ఒకే బండ. ఒంటి మీది చెమ్మ అంతా బంకై, ముక్కా ముక్కా కరుచుకుని, గిన్నె ఆకారంలో ఒకటే గుండు! మళ్ళీ సంచి, మళ్ళీ సుత్తి!

ఇంక తమరూ లేదు, గారూ లేదు. నువ్వు నీళ్ళవి. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళవి. డెమెరారా రమ్ము కోసం ఎక్కడెక్కడో వెతుకుతాం, ఆల్‌స్పైస్ గింజలు రమ్ములో రోజుల తరబడి నానేస్తాం, నిమ్మ తొక్క తెల్లభాగం తగలకుండా చెక్కుతాం. వాటిలో ఏదీ ఒక డ్రింకును ఇంత పూర్తిగా పాడుచేయలేదు. దాల్చినచెక్క సిరప్ కాస్త ఎక్కువైతే నిమ్మరసంతో సరిదిద్దొచ్చు. ఫలెర్నమ్ సిరప్‌ రకమా, 11 శాతం ఆల్కహాల్ ఉన్న రకమా అని రెసిపీ చెప్పకపోయినా రుచి చూసి తేల్చుకోవచ్చు. నువ్వు ఎక్కువైతే మందేది? నీళ్ళు వెనక్కి తీసే జిగ్గర్ ఇంకా ఎవరూ చేయలేదు. పైగా ఫ్రీజర్‌లో పక్కన మూత సరిగ్గా లేని డబ్బా ఉంటే దాని వెల్లుల్లి వాసన కూడా నువ్వే ఒంటబట్టించుకుంటావు. నీకు మూతపెట్టిన డబ్బా ప్రత్యేకంగా కేటాయించాలి! ఎంత దర్జా!

నీ స్నేహితులు కూడా తక్కువ తినలేదు. ఓర్జా అనే బాదం సిరప్ ఉంది. బాదంపప్పు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, పంచదార కరిగించి, నారింజ పూల నీరు కాస్త వేసి సీసాలో పోస్తే మర్నాటికి కొవ్వు పైకీ పాకం కిందికీ విడాకులు. అది చెడిపోవడం కాదు, బాదం నూనె నీటిలో నిలవదు, గట్టిగా ఊపితే కలుస్తుంది. అంతా చేసి మై తాయ్‌లో వాడేది 15 మి.లీ. పెర్ల్ డైవర్ అనే డ్రింకు అయితే వెన్నా తేనే కలిపిన మిశ్రమం అడుగుతుంది, ఆ వెన్న నువ్వు తగలగానే గడ్డకట్టి, సన్న జల్లెడలో వడకడితే గానీ గొంతు దిగదు. టికి మగ్గు: పైన పటారం, లోన లొటారం. మందపాటి పింగాణీ, గది వేడినంతా పట్టుకుని ఉంటుంది. ముందే కొంత ఐసు పోసి తిప్పి పారబోయకపోతే నిన్ను అదే కరిగించేస్తుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు కూడా. ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో ఒకసారి నీళ్ళు పోసి కొలిచి అడుగున రాసిపెట్టుకోవాలి. లేదంటే 180 మి.లీ. డ్రింకును 500 మి.లీ. మగ్గులో పోసి, మిగతా ఖాళీ అంతా నీకు ధారాదత్తం చేయడమే. కాగితం గొడుగు గురించి చెప్పడానికేమీ లేదు. అది కనీసం తడవకుండా ఉంటుంది.

ఇకనుంచి నీ సంగతి ఇదీ. నిన్ను తూస్తాం. ముప్పావు కప్పు తూకంలో దాదాపు 100 గ్రాములు వస్తుంది, నలిగిన తీరును బట్టి కాస్త అటూ ఇటూ. రమ్ముకు పట్టే జిగ్గర్ ఉన్నట్టే నీకు ఒక త్రాసు ఉంటుంది. మిగతా పదార్థాలన్నీ బ్లెండర్‌లో పడి, మూత చేతిలో ఉన్నప్పుడే నిన్ను ఫ్రీజర్ నుంచి పిలుస్తాం. కొట్టిన తర్వాత పొడి దులిపి, ముందే చల్లబరిచిన పళ్ళెంలో ఒకే వరుసగా పరిచి, పావుగంట మళ్ళీ ఫ్రీజర్‌లో. ఒకే వరుసగా. కుప్పగా పోస్తే నీ బుద్ధి మాకు తెలుసు. సన్నటి కాడకు చక్రం తగిలించిన మిల్క్‌షేక్ మిక్సర్ ఉన్నవాళ్ళు అయిదంటే అయిదు సెకన్లు, జగ్గులో బ్లేడు తిరిగే బ్లెండర్ ఉన్నవాళ్ళు మూడే, ఎందుకంటే ఆ బ్లేడు నిన్ను కలపదు, కోస్తుంది. ఆరో సెకనుకు స్లష్ తయారు.

అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. స్విజిల్, అంటే గ్లాసులోనే పుల్లతో చిలికే డ్రింకు, చేసేటప్పుడు నీ తీరు వేరు. ఎత్తైన సన్నటి గ్లాసు, అందులో సగానికి పైగా నువ్వు, పొడిగా, మైనస్‌లో. బ్వా లెలే పుల్ల, మార్టినిక్‌లో ఒక చెట్టు కొమ్మ నుంచి కోసే అయిదు కాళ్ళ పుల్ల, రెండు అరచేతుల మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పుతూ కిందికీ పైకీ జరుపుతుంటే గ్లాసు బయట ముందు చెమ్మ, తర్వాత తెల్లటి మంచు పొర. ఆల్కహాల్ ఉండబట్టి లోపలి డ్రింకు సున్నా కన్నా కిందికి దిగుతుంది, నీరు మాత్రమే అయితే అలా దిగదు. వేలు పెడితే ఆ పొరలో గీత పడుతుంది. పైన ఇంకాస్త నిన్ను గోపురంలా పోసి, పుదీనా రెమ్మను అరచేతిలో ఒక్క చరుపు చరిచి గుచ్చితే, నిన్ను తిట్టిన నోటితోనే ఇంకో గ్లాసు అడుగుతారు. అప్పుడు మాత్రం పొడిగా ఉండగలవు. మిగతా రోజుల్లో ఏం రోగం?

ఇట్లు,
చేతులు మొద్దుబారిన,
తమరి సుత్తిదారులు

తా.క.: డ్రింకు పైన అలంకారంగా మంట పెట్టే నిమ్మ డిప్ప విషయంలో నీకు ముందే చెబుతున్నాం. ఘాటు ఎక్కువున్న రమ్ములో నానబెడితే వెలుతురులో కనపడని నీలి మంట వస్తుంది. ఎండు రొట్టెముక్కను నిమ్మ ఎసెన్స్‌లో ముంచితే పసుప్పచ్చగా ఎత్తుగా మండుతుంది. మండుతున్న దాని మీద సీసాతో ఎవరూ ఏదీ పోయరు, స్ట్రా పెట్టకముందే ఆర్పేస్తారు, పుదీనా అవతలి అంచున ఉంటుంది. ఆ మంట పక్కన కూర్చున్నందుకు వాటా పెంచమని నువ్వు అడుగుతావని తెలుసు. ఒక్క గ్రాము కూడా పెంచం.