సవరణ: బాలయోగి గారి గురించి నేను రాసిన తప్పు

మొన్న యానాం–ఎదుర్లంక వంతెన ఫొటో పెట్టి, దానికి ఎవరి పేరుందో ఆ జీఎంసీ బాలయోగి గారు 1991 నుంచి 2002లో పోయేవరకు వరసగా అమలాపురం ఎంపీయేనని రాశాను. తప్పు నాదే. మా ముమ్మిడివరం బాబాయి ఫోన్ చేసి "మా ఎమ్మెల్యేని ఎలా మర్చిపోయావురా" అని గట్టిగానే పెట్టాడు.

లోక్‌సభ వాళ్ల సభ్యుల వివరాలు చూశాక తేలింది ఇదీ: 1991లో గెలిచారు, 1996లో ఓడిపోయారు, తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యారు, 1998లో మళ్లీ ఎంపీగా వెళ్లి ఆ మార్చిలోనే స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. అసలు ఓడిన రెండేళ్లలోపే స్పీకర్ అవడమే విశేషం, నేను దాన్నే ఎగరగొట్టేశాను. ఫొటో కింద కూడా మార్చాను.