పాత బ్రౌజర్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ పాత బ్రౌజర్ గారికి,

మాదాపూర్ నుంచి, వెబ్‌పేజీలకు రంగులు, కొలతలు చెప్పే సీఎస్ఎస్ భాష రాసే ఒక కూలీ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. 2021లోనే ఆగిపోయిన మీరు బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల సేటు గారి జేబులో ఇంకా నిక్షేపంగా ఉన్నారని మొన్ననే తెలిసింది. ఆండ్రాయిడ్ 5 ఫోన్లకి క్రోమ్ 95తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, ఆయనది అలాంటి ఫోనే. కొత్తది కొనుక్కోండి సార్ అనే ధైర్యం నాకు లేదు. చిల్లు పడ్డ గిన్నెకి మాటు వేయించుకుని వాడిన కాలం మనిషి ఆయన.

ఆ దుకాణానికి వెబ్‌సైట్ చేసి, వాట్సాప్‌లో లింకు పంపాను. దాని వెనకే బిల్లు కూడా పంపాను. అరగంటలో ఫోన్. "తమ్మీ, ఏంది ఇది? భూతద్దం మా దుకాణంల పరాత్ అంత ఉన్నది. సామాన్లు ఏడబోయినయ్?"

స్క్రీన్‌షాట్ తెప్పించుకుని చూశాను. రంగుల్లేవు, వరసల్లేవు. మెనూ అంతా నీలం అక్షరాలై, కింద గీతలతో ఒకదాని కింద ఒకటి జారిపోయింది. వెతకడానికి పై మూలన పెట్టిన బుల్లి భూతద్దం స్క్రీనంతా పరుచుకుని కూర్చుంది. దాని కొలత చెప్పే రూలు మీరు చదివితే కదా!

తప్పు మీదని అనడం లేదు. తెలియని ఎట్-రూల్ (@ గుర్తుతో మొదలయ్యే ఆజ్ఞ) ఎదురైతే బ్రాకెట్లలోని సరుకుతో సహా వదిలేసి ముందుకు పొమ్మని 1996 నాటి మొదటి సీఎస్ఎస్సే చెప్పింది. నేను స్టైల్‌షీట్ (ఆ రూళ్ల ఫైలు) మొత్తాన్ని లేయర్లలో పెట్టాను; లేయర్ అంటే రూళ్లను అంతస్తులుగా పేర్చే ఒక కొత్త ఎట్-రూల్. మీకది తెలియదు, మొత్తాన్నీ వదిలేశారు. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క దగ్గు కూడా లేదు. శాస్త్రం తప్పని మనిషితో గొడవ ఎలా పెట్టుకోను?

లేయర్లు సరదాకి పెట్టలేదండీ. మీ కాలంలో ఒకే వస్తువు మీద రెండు రూళ్లు పోట్లాడుకుంటే, నెగ్గడానికి సిఫార్సు కావాలి. ట్యాగు అంటే వస్తువు రకం, క్లాసు అంటే గుంపు పేరు, ఐడీ అంటే ఒక్కడికే ఉండే పేరు. క్లాసు ఉన్నవాడు ట్యాగువాడిని తోసేస్తాడు, ఐడీ ఉన్నవాడు క్లాసువాడిని తోసేస్తాడు. ఏమీ లేనివాడు ఇంపార్టెంట్ అని అరుస్తాడు. అవతలివాడూ అరుస్తాడు. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫైర్‌ఫాక్స్ 97, క్రోమ్ 99, సఫారీ 15.4 లేయర్లు తెచ్చాక ఈ గోల తగ్గింది. రీసెట్, బేస్, కాంపొనెంట్లు, యుటిలిటీలు అని ముందే వరస రాసి పెట్టేస్తాం. తర్వాతి లేయర్‌లోని అనామకుడు సైతం ముందు లేయర్‌లోని ఐడీ గారిని దాటేస్తాడు. ఎవరి పలుకుబడైనా వాళ్ల లేయర్ గడప లోపలే. ఒక్కటే తిరకాసు: ఏ లేయర్‌లోనూ చేరనివాడు అందరినీ దాటేస్తాడు. టోకెన్ తీసుకోనివాడే ముందు లోపలికి పోయే ఈ ఏర్పాటు చూస్తే, రాసినవాళ్లు మన ఊళ్లో కొన్నాళ్లు ఉండి వెళ్లారేమో అనిపిస్తుంది.

మీ కోసం ఇప్పుడు ఇదంతా వెనక్కి తిప్పాలి. సీఎస్ఎస్‌ని మార్చి రాసిపెట్టే పోస్ట్‌సీఎస్ఎస్ అనే పనిముట్టులో అందుకో ప్లగిన్ (తగిలించుకునే అదనపు ముక్క) ఉంది. అది లేయర్లను విప్పేసి, ఎవరు ఏ వరసలో ఉన్నారో చూసి, ఆ లెక్కన ఒక్కొక్కరికీ సిఫార్సు చీటీలు అంటిస్తుంది. చీటీ మీద ఉండేది ఇంతే: "హ్యాష్ అనే ఐడీ కానివాడు." ఆ ఐడీ పేజీలో ఎవరికీ ఉండదు కాబట్టి ఆ మాట అందరికీ వర్తిస్తుంది. కానీ చీటీలో ఐడీ కనబడింది కదా, మీరు లేచి నిలబడి ఐడీ గారికి చేసే మర్యాదలన్నీ చేసేస్తారు! ఆఫీసు గేటు దగ్గర ఎవడో "నేను మంత్రిగారి బావమరిదిని కాను సార్" అంటే, మంత్రి పేరు వినబడగానే వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి లోపలికి పంపినట్టు. రెండుసార్లు కానంటే రెండు సెల్యూట్లు. సేటు గారి గరిటెల పక్కనున్న "కొనండి" బటన్ ఇప్పుడు నాలుగుసార్లు బావమరిది కాదు.

ఈ చీటీల బరువు కొత్త ఫోన్లవాళ్లూ మోయాల్సిందే. బయటి నుంచి తెచ్చిన చాట్ బటన్‌దైతే మరీ పాపం. దాని స్టైల్‌షీట్ ప్లగిన్ కంటపడదు, చీటీ దొరకదు. టోకెన్ లేదు కాబట్టి అందరికంటే ముందుండాల్సినది, సిఫార్సు లేదు కాబట్టి అందరికంటే వెనక నిలబడింది.

రాత్రి రెండింటికి కొత్త ఫైలు ఎక్కించాను. పొద్దున్నే సేటు గారి ఫోన్.

"ఇప్పుడు మంచిగున్నది తమ్మీ. గా భూతద్దం మాత్రం మొదలున్నట్టే పెద్దగ పెట్టు. అద్దాలు లేకున్నా అవుపడుతుండె."

ఇట్లు,
తమ విధేయుడు,
మంత్రిగారి బావమరిది కానివాడు