ఎండ తగలనివ్వరాదు

ఒంటికి ఎండ తగులుతోందో లేదో తెలుసుకోవడానికి ఒకప్పుడు కిటికీ సరిపోయేది. ఇప్పుడు ఇంట్లోనే విటమిన్ డి రక్తపరీక్ష చేసుకునే కిట్ కావాలి. ఇది పురోగతి కాదనేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు ఎప్పుడూ బయటే తిరుగుతుంటారు, లోపలున్న నా మాట వాళ్లకెలాగూ వినపడదు.

నేను గదిలో కూర్చుని ఉద్యోగం చేసే మనిషిని. కర్టెన్ తీస్తే స్క్రీన్ మీద వెలుతురు పడి అక్షరాలు కనపడవు, అందుకని తీయను. ఈమధ్య ఒళ్లు నొప్పులు, నీరసం, సాయంత్రమయ్యేసరికి ఊరికే చిరాకు. ఇవి విటమిన్ డి లోపం వల్ల రావచ్చని చదివాను. నిద్ర చాలకపోయినా ఇవే వస్తాయట, పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయినా ఇవే, వయసు మీదపడినా ఇవే. కానీ కుర్చీకి కిట్ లేదు, వయసుకి అసలే లేదు. ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి కదా. విటమిన్ డి ని ఖాయం చేసుకుని డబ్బా తెప్పించాను.

అందులో వేలికి గుచ్చే సూది, సున్నాలు గీసిన దళసరి కార్డు, దూది, కవరు, సూచనల కాగితం ఉన్నాయి. చేతులు గోరువెచ్చటి నీళ్లతో కడుక్కోవాలి. చెయ్యి కాసేపు కిందికి వేలాడేయాలి. మొదటి చుక్క తుడిచేయాలి. వేలు పిండకూడదు, పిండితే కణాల మధ్యనుండే నీరు కలిసి రక్తం పలచబడుతుంది. రెండో సున్నా సగం నిండేసరికి నా రక్తం ఆగిపోయింది. పిండలేదు. బతిమాలాను.

ఆ తర్వాతి సూచన చదివి నిజంగానే కళ్లు చెమర్చాయి. 'కార్డును నేరుగా ఎండ తగలని చోట ఆరబెట్టాలి.' ఎండ ఎంత తగిలిందో తేల్చాల్సిన రక్తానికే ఎండ పనికిరాదన్నమాట. అచ్చం నా పోలికే. మరో పరీక్ష లేకుండానే చెప్పొచ్చు, అది నా రక్తమేనని. కర్టెన్ పక్కనే నా బల్ల మీద పెట్టాను. ఇద్దరం కలిసి ఆరాం.

"ఆ కాసేపూ బయట నాలుగడుగులు వేసి రాకూడదూ?" అంది మా ఆవిడ.

పరీక్ష జరుగుతుండగా ఎండలోకి వెళితే ఫలితం తారుమారవుతుందని చెప్పాను. రక్తం బల్ల మీద ఉంది, మీరు కదా వెళ్లేది అంది. శాస్త్రం తెలియనివాళ్లతో వాదించను.

ఆరేలోపు కొంత శాస్త్రం నేనూ చదివాను. కొలిచేది 25-హైడ్రాక్సీ విటమిన్ డి అనేదాన్నట. చర్మం తయారుచేసిన సరుకును, నోటి ద్వారా వచ్చిన సరుకును కాలేయం ఈ రూపంలోకి మార్చి రక్తంలో తిప్పుతుంది. అందులో సగం తరిగిపోవడానికే రెండు మూడు వారాలు పడుతుంది. అంటే ఇది నిన్నటి లెక్క కాదు, కొన్ని వారాల హాజరు పట్టీ. మరో ముక్క కూడా తెలిసింది. చర్మంలో ఈ పని మొదలుపెట్టే, ఎండలోని యూవీ-బి కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి అద్దం మూసున్నంత కాలం నా కర్టెన్ నిర్దోషి. ఈ సంగతి మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను.

కార్డు ల్యాబ్‌కి పంపితే ఫలితం 22 అని వచ్చింది, పసుపు రంగు గీత మీద. పసుపంటే ఆకుపచ్చా కాదు, ఎరుపూ కాదు. సంతోషించాలా, టెన్షన్ పడాలా?

పాత కాగితాలు తిరగేశాను. 2011లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 ఉంటే దాదాపు అందరికీ చాలంది. అదే ఏడాది హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ, 30 లేకపోతే చాలనట్టేనంది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒక కాగితంలో ఆరోగ్యవంతుడు, పక్క కాగితంలో రోగి. 2024కి వచ్చేసరికి ఆ సొసైటీయే 30 గీతను వదిలేసి, ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్లు మామూలుగా ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదంది. అప్పటికే నా వేలికి చిల్లు పడింది. ఎముకల జబ్బో, మూత్రపిండాల జబ్బో ఉన్నవాళ్ల సంగతి వేరు, పరీక్ష చేయించుకోమని డాక్టరే వాళ్లని అడుగుతాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేనే గుచ్చుకున్నాను.

రాత్రి నిద్రపట్టక ఫోనులో యూనిట్లు మార్చి చూశాను. మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో 22 అయినది లీటరుకు నానోమోల్స్‌లో 55. మాత్ర వేసుకోకుండా, మంచం దిగకుండా రెండున్నర రెట్లు! హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్నే ఇంకో అనుమానం. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటున్నాను. యాంటీబాడీలతో కొలిచే కొన్ని పద్ధతుల్లో బయోటిన్ అడ్డుపడి, విటమిన్ డి ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుందట. ఆరు నెలలుగా ఆ మాత్రలు వేసుకుంటున్నా తల మీద ఫలితం లేదు. కాగితం మీదైనా ఏదో ఒకటి పెంచగలవన్నమాట.

ఫలితం అడుగున 'మీకు తగిన మాత్రలు' అని ఒక బొత్తం కూడా ఉంది. కొలిచిన చెయ్యీ అమ్మే చెయ్యీ ఒకటే అయితే ఎంత సౌకర్యం! నొక్కబోయి ఆగాను. పాతిక వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ అనే అధ్యయనంలో విటమిన్ డి రోజుకు 2000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చి చూశారు. క్యాన్సర్ రావడం తగ్గలేదు, గుండె జబ్బులు తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. నా నీరసం గురించి అందులో లేదు, అది వేరే విషయం. పోనీ ఎక్కువ వేసుకుంటేనో అనుకుంటే, హద్దు మీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీదికొస్తుందట. ఎండతో ఆ భయం లేదు, చాలనుకున్నాక అదనంగా తయారైనదాన్ని ఎండే విరగ్గొట్టేస్తుంది. చర్మం మాడుతుందనుకోండి, కానీ దానికి ఏ కిట్టూ అక్కర్లేదు, మొహం చూసుకునే అద్దం చాలు.

బొత్తం పక్కన 'మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించుకోండి' అని ఉంది. అది మాత్రం నొక్కాను.

రెండో డబ్బా ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయారు. మా ఆవిడ తేనంది. నేనే వెళ్లి తెచ్చుకున్నాను, రానూపోనూ నలభై సెకన్లు. ఎండ బాగానే ఉంది. ఈ నలభై సెకన్ల సంగతి ల్యాబ్ వాళ్లకి ముందే రాసి పంపాలేమో, లేకపోతే అంకె తప్పుదారి పట్టొచ్చు.